కళింగపట్నంలో తీసిన పోలీసు సినిమాకి మా నాన్నని తీసుకెళ్లాను. మీలో ఎవరైనా చూశారా?

రైటర్‌గారమ్మాయి (ఆమదాలవలస)

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. చివర్లో ఒక ప్రశ్న అడుగుతున్నాను. దానికి జవాబు నాకు నిజంగా కావాలి.

రెండు వారాల క్రితం వచ్చిన ఒక చిన్న పోలీసు సినిమాకి మా నాన్నని తీసుకెళ్లాను. సినిమా పేరు రాయను. తీసినవాళ్లు కొత్త పిల్లలు, అప్పు చేసి తీసుంటారు. వాళ్ల పేరు పాడు చేయాలని నాకు లేదు. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర తీశారని, పోస్టర్ మీద "సిక్కోలు కథ" అని వేశారని ఆశగా వెళ్లాం.

నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. సర్వీసులో పద్నాలుగేళ్లు స్టేషన్ రైటర్‌గా, అంటే కేసుల కాగితాలన్నీ రాసే మనిషిగా చేశారు. మా చిన్నప్పుడు ఆయన చేతివేళ్లకి ఎప్పుడూ కార్బన్ పేపరు నీలం ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదు. మోకాళ్ల నొప్పులతో హాల్లో సినిమా చూసి పదేళ్లు దాటింది. అలాంటిది ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని అరగంట ముందే గుమ్మంలో కూర్చున్నారు. హాల్లో మాతో కలిపి తొమ్మిది మంది ఉన్నాం.

హీరో హైదరాబాదులో ఎస్సై. పెద్దవాళ్లతో గొడవ పెట్టుకుంటే శిక్షగా శ్రీకాకుళానికి బదిలీ చేస్తారు. నాన్న వెంటనే నా చెవి దగ్గరకి వంగారు. "ఏటమ్మా, హైదరాబాదు తెలంగాణా కదేటి? అక్కడి ఎస్సైని ఇక్కడికి ఎలాగేసినారు?" 2014 జూన్ 2న రాష్ట్రాలు విడిపోయాయి, పోలీసు శాఖలూ విడిపోయాయి. పైగా ఎస్సై పోస్టు జోన్ లెక్కన ఉంటుంది. జోన్ అంటే కొన్ని జిల్లాలు కలిపిన భాగం. ఇది తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. ఏ స్టేషన్ బయట టీ కొట్టులో అడిగినా చెబుతారు.

నాకు ఇంకో బాధ ఉంది. శ్రీకాకుళం అంటే శిక్షా? ఎన్ని సినిమాల్లో చూడాలి ఈ మాట? ఇక్కడ పుట్టి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే రిటైరైన మనిషి పక్కన కూర్చుని ఆ డైలాగు వింటే గొంతుకి ఏదో అడ్డం పడింది.

హీరో రైలు దిగుతాడు, బ్యాగు భుజాన వేసుకుని నడుస్తాడు, తర్వాతి షాట్‌లో సముద్రం! మా ఊరి స్టేషన్ అది. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ ఊరు ఆమదాలవలస. శ్రీకాకుళం వెళ్లాలంటేనే బస్సో ఆటోనో ఎక్కాలి. అక్కడి నుంచి గార మీదుగా వెళ్తే గాని కళింగపట్నం రాదు. సరే, సినిమా కదా అని ఇది వదిలేశాను.

వదల్లేనిది శవం సీను. ఒక అమ్మాయి శవం ఒడ్డుకి కొట్టుకొస్తుంది. హీరో బైకు దిగి, ఒట్టి చేతులతో శవాన్ని తిప్పి, మెడలో గొలుసు తెంపి జేబులో వేసుకుంటాడు. శవాన్ని చూసి రాసుకునే పంచనామా లేదు, దానికి సాక్షులుగా నిలబడే పంచాయతీదార్లు లేరు, ఫొటో తీసే మనిషి లేడు. ఆ రాత్రికే పోస్టుమార్టం అయిపోతుంది. నాన్న కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదు.

ఆయన ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు వంశధార గట్టున ఒక శవానికి రాత్రంతా ఆయనే కాపలా. వాన. పెట్రోమాక్స్ లైటు ఆరిపోయింది. కుక్కలు రాకుండా కర్ర పట్టుకుని తెల్లారేదాకా నిలబడ్డారు. తెల్లారి పంచాయతీదార్లు వచ్చాక, మోకాలి మీద అట్ట పెట్టుకుని పంచనామా రాస్తుంటే, చనిపోయిన పిల్ల తల్లి వచ్చి, "బాబూ, మా గుంటకి ఎడమ మోకాలి కింద మచ్చుంటాది, సూడు" అందట. మచ్చ ఉంది. నాన్న అది రాశారు. ఆ తల్లి సంతకం పెట్టలేక వేలిముద్ర వేసింది. ఆవిడ చెయ్యి వణుకుతుంటే నాన్న పట్టుకుని వేయించారు. ఇంటికొచ్చి అమ్మకి ఈ సంగతి చెబుతుంటే నేను మంచం మీద పడుకుని విన్నాను. ఇప్పటికీ ఆ ఏటి గట్టు దాటుతున్నప్పుడు ఆయన మాట్లాడరు.

అలాంటి ఒక్క నిమిషం ఆ సినిమాలో ఉంటే నేను మిగతా తప్పులన్నీ క్షమించేదాన్ని.

యాస గురించి కూడా చెప్పాలి. హీరో, హీరోయిన్, డీఎస్పీ, డాక్టరు అందరూ పుస్తకం తెలుగు మాట్లాడతారు. మన యాస ఇద్దరికే ఇచ్చారు. ఒకడు దొంగ, ఇంకొకడు నవ్వించడానికి పెట్టిన లావుపాటి కానిస్టేబుల్. అదీ మన యాస కాదు. ప్రతి వాక్యం ముందు "ఏటి" తగిలించారు, అంతే. బేగి, ఒగ్గీ, ఎల్లొచ్చినాను అనే మాటలు ఎక్కడ ఎలా పడతాయో తెలిసిన మనిషి ఒక్కరూ ఆ యూనిట్‌లో లేనట్టున్నారు. ఆ కానిస్టేబుల్ బెల్టు ఊడిపోయిన సీనుకి వెనక వరసలో ఇద్దరు కుర్రాళ్లు పగలబడి నవ్వారు. నేను నాన్న వైపు చూడలేకపోయాను.

ఇప్పుడు ప్రశ్న. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి ఇప్పుడు తన సొంత డబ్బుతో, నలుగురు స్నేహితులతో కలిసి ఇక్కడే ఒక చిన్న పోలీసు సినిమా తీయాలనుకుంటున్నాడు. నాన్నతో కూర్చుని మాట్లాడాలని అడిగాడు. ఈ సినిమా చూడకముందు నాన్న సరేనన్నారు. చూశాక, "సినిమావోళ్లకి మన మాటెందుకమ్మా, ఒగ్గీ" అంటున్నారు. డబ్బు లేని సినిమా కూడా ఏవి సరిగ్గా చూపించగలదు? ఎక్కడ ఎందుకు తప్పుతున్నారు? నాన్నకి చూపించి ఒప్పించేలా చెప్పండి.

జీడితోట (పలాస)

నేనూ చూశానండి, మొదటి రోజే. మీ బాధ అర్థమైంది కానీ ఒక విషయంలో ఒప్పుకోను. పంచనామా లేకపోవడం వల్ల ఆ సినిమా పోలేదు. సస్పెన్స్ లేక పోయింది.

హంతకుడు ఎవరో నాకు ఇరవయ్యో నిమిషంలో తెలిసిపోయింది. అందరూ కొత్త ముఖాలు, ఒక్కాయన మాత్రం టీవీ సీరియల్స్‌లో తెలిసిన నటుడు. ఆయనకి స్టేషన్‌లో ఫైళ్లు అందించడం తప్ప పని లేదు. పని లేని తెలిసిన ముఖం ఉందంటే చివర్లో ఆయనే. చిన్న బడ్జెట్ క్రైమ్ సినిమాలు ఎన్ని చూసినా ఇదే. ఆ తర్వాత గంటన్నర ఏం చూడాలి? లైట్‌హౌస్ మీద నుంచి డ్రోన్ షాటు చూడాలి. లెక్కపెట్టాను, పదకొండుసార్లు వచ్చింది.

రాత్రి సీన్లు ఇంకా ఘోరం. మా హాలు తెర మీద నలుపు తప్ప ఏమీ కనపడలేదు. ఎవరు ఎవరిని పొడిచారో మాటల్ని బట్టి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఒక్క సీను బాగుంది. చనిపోయిన అమ్మాయి తమ్ముడు స్టేషన్ బయట అరుగు మీద కూర్చుని, అక్క చెప్పుల జత పక్కన పెట్టుకుని ఉంటాడు. డైలాగు లేదు, మ్యూజిక్ లేదు. ఆ కుర్రాడెవరో గానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. మీ స్టూడెంటుకి చెప్పండి, అలాంటివి నాలుగు చాలు.

కోటజంక్షన్ వకీలు (విజయనగరం)

అమ్మా, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. నేను విజయనగరం కోర్టుల్లో ఇరవై ఏళ్లకి పైగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. రైటర్ చేతిరాత మీద ఎన్ని కేసులు నిలబడ్డాయో, ఎన్ని పడిపోయాయో మాకు తెలుసు. పంచనామాలో మోకాలి కింద మచ్చ రాసిన మనిషి విలువ కోర్టులో తెలుస్తుంది.

సినిమా నేను చూడలేదు. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి క్లైమాక్స్ ఊహించగలను. లాకప్‌లో కొడతాడు, వాడు ఒప్పేసుకుంటాడు, కేసు అయిపోతుంది. అవునా? పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 25వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. నిందితుడు చెప్పినదాని వల్ల ఒక కత్తో, ఒక గొలుసో దొరికితే, ఆ వస్తువుకి సంబంధించినంత వరకే ఆ మాట పనికొస్తుంది. అందుకే పక్కనుండి చూసి సంతకం పెట్టే మధ్యవర్తులు ఉండాలి. ఇప్పుడు సోదానూ స్వాధీనాన్నీ వీడియో కూడా తీయాలి. మీ హీరో ఆ గొలుసు జేబులో వేసుకున్న క్షణమే సగం కేసు పోయింది. డిఫెన్స్ లాయరుగా నాకు అంతకంటే ఏం కావాలి? "ఈ గొలుసు ఎక్కడ దొరికిందని ఎవరు చూశారు?" అని ఒక్క ప్రశ్న అడిగి కూర్చుంటాను.

స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది. లాకప్ సీన్లు రాసే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లకి చెప్పాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దీన్ని అడ్డంకి అని ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. టెన్షన్ అంతా ఆ ఇరవై నాలుగు గంటల్లోనే ఉంది! సాయంత్రం పట్టుకొచ్చారు, మర్నాడు సాయంత్రం లోపు ఆధారం చూపించాలి, బయట చెల్లెలు నిలబడి ఉంది. ఒక గది, ఒక గోడ గడియారం చాలు. డ్రోన్ అక్కర్లేదు.

రాత్రి పోస్టుమార్టం సంగతి కూడా చెబుతాను. సూర్యాస్తమయం తర్వాత చేయడానికి 2021 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ అనుమతి ఇచ్చిన మాట నిజమే. కానీ హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానాస్పదం అయితే రాత్రి చేయకూడదు, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప. అంటే మీ సినిమాలో శవం తెల్లారేదాకా ఆగాలి. ఆ రాత్రి ఒక కానిస్టేబుల్ కాపలా ఉండాలి. మీ నాన్నగారి రాత్రి అక్కడుంది.

ఫోన్ కాల్ డేటా ఐదు నిమిషాల్లో తెప్పించే సీను ఉందా? ఉండే ఉంటుంది. అది ఎస్పీ స్థాయి అధికారి ద్వారా కంపెనీకి వెళ్లాలి. విసెరా, అంటే శవంలోంచి పరీక్షకి తీసిన లోపలి భాగాలు, విశాఖలోని ప్రాంతీయ ల్యాబ్‌కి పంపితే రిపోర్టు కోసం ఎదురుచూడాలి. ఎదురుచూపులు సినిమాకి చేటు అనుకుంటారు. కేసులో మనుషులు మారిపోయేది, సాక్షులు తిరగబడేది ఆ ఎదురుచూపుల్లోనే.

రైటర్‌గారమ్మాయి

వకీలుగారూ, క్లైమాక్స్ మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది. కొట్టాడు, ఒప్పుకున్నాడు, జాతీయ జెండా చూపించి అయిపోగొట్టారు. కాల్ డేటా కూడా అంతే.

జీడితోట గారూ, ఆ చెప్పుల సీను నాకూ గుర్తుంది. కోపంలో రాయడం మర్చిపోయాను, రాయాల్సింది. అప్పుడు నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

క్లాప్‌బోర్డు (రాజాం)

అక్కా, నేను హైదరాబాదులో మూడు చిన్న సినిమాలకి అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేసి ఇంటికొచ్చేశాను. అందులో ఒకటి పోలీసు సినిమానే. మీ పోస్టు చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి తప్పులు నా చేతులతో నేనే చేశాను.

ఎలా జరుగుతుందో చెబుతాను. మాకు పద్దెనిమిది రోజుల షెడ్యూలు. యూనిఫాంలు అద్దెకి తెస్తాం. సంచిలో బ్యాడ్జీలన్నీ కలిసిపోయి ఉంటాయి. పొద్దున్న ఆరింటికి హీరో రెడీ అవుతుంటే, చేతికి దొరికిన నక్షత్రాలు పెట్టేస్తాం. ఎస్సైకి రెండు నక్షత్రాలు, కింద ఎరుపు నీలం రిబ్బను. ఇన్‌స్పెక్టర్‌కి మూడు, రిబ్బనుతో. డీఎస్పీకి మూడు, రిబ్బను లేకుండా. ఇది నాకు సినిమా అయిపోయాక ఒక కానిస్టేబుల్ అన్న చెబితే తెలిసింది. సెట్లో ఆ రోజు డీఎస్పీ భుజాన రిబ్బను పెట్టింది నేనే. ఇప్పటికీ ఆ క్లిప్ టీవీలో వస్తే చానెల్ మారుస్తాను.

రాత్రి సీన్లు నల్లగా ఎందుకుంటాయంటే, జనరేటరు బండి రోజువారీ అద్దె మాకు భారం. సాయంత్రం చీకటి పడే ముందు అరగంటలో తీసేసి, తర్వాత రంగు తగ్గించి రాత్రి చేద్దామనుకుంటాం. కంప్యూటర్ తెర మీద బాగానే కనపడుతుంది. హాల్లో పాత ప్రొజెక్టరు బల్బు మీద పడితే ఏమీ మిగలదు.

యాస సంగతి మరీ బాధ. అక్కడికక్కడ గొంతు రికార్డు చేయాలంటే మంచి సౌండ్ మనిషి కావాలి, చుట్టూ నిశ్శబ్దం కావాలి. రెండూ ఖర్చే. అందుకని తర్వాత హైదరాబాదులో డబ్బింగ్. ఇక్కడి కుర్రాడు ఎంతో చక్కగా మాట్లాడి నటించినా, అక్కడ వేరే గొంతు పెట్టేస్తారు. మా సినిమాలో సాలూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ రెండు నిమిషాలు ఏడుస్తూ మాట్లాడింది. సెట్లో అందరం ఏడ్చాం. సినిమాలో ఆవిడ గొంతు లేదు. ఆవిడ హాల్లో చూసి నాకు ఫోన్ చేసి, "బాబూ, అది నాను కాదు కదా" అంది. ఏం చెప్పను?

మీ స్టూడెంటుకి నా మాటగా చెప్పండి. డబ్బు తక్కువైతే రోజులు తగ్గించుకోవద్దు, సీన్లు తగ్గించుకోమనండి. ఫైట్లు, పాట, డ్రోన్ తీసేస్తే ఆ డబ్బుతో ఇక్కడి గొంతులు ఇక్కడే రికార్డు చేయొచ్చు. రాత్రి సీను ఒకటే పెట్టుకోమనండి, దానికి లైటు సరిగ్గా పెట్టుకోమనండి. అవసరమైతే నేను వస్తాను, డబ్బులేమీ వద్దు.

గంటస్తంభం దగ్గర (విజయనగరం)

హెడ్ కానిస్టేబుల్‌ని మన ఊరి గురజాడ ఎప్పుడో నాటకంలో పెట్టారు. కన్యాశుల్కంలో హెడ్డు కనిస్టేబు ఉన్నాడు, 1892లో ఇక్కడే ఆడారు. అతనూ నవ్విస్తాడు, కానీ మనిషిలా మాట్లాడతాడు. బెల్టు ఊడితే నవ్వాల్సిన అవసరం గురజాడకి రాలేదు. శ్రీకాకుళంలో 1997 నుంచి కథానిలయం ఉంది. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) కట్టిన ఇల్లు. సినిమా తీయడానికి వచ్చినవాళ్లు బీచ్‌కి వెళ్లే దారిలో అక్కడ ఒక పూట ఆగి ఉంటే బాగుండేది. మీ కుర్రాణ్ని అక్కడికి కూడా పంపండి.

రైటర్‌గారమ్మాయి

అందరికీ నమస్కారం. ఈ నాలుగు రోజుల్లో జరిగింది రాస్తాను.

మీ జవాబులు ఫోన్‌లో నాన్నకి చదివి వినిపించాను. వకీలుగారిది రెండుసార్లు చదివించుకున్నారు. "ఇరవై నాలుగు గంటలు, గోడ గడియారం" అన్న చోట తల ఊపారు. రాజాం తమ్ముడి పోస్టులో సాలూరు ఆవిడ మాట దగ్గర నాన్న, "ఆ పిల్లోడు మంచోడమ్మా, తప్పు సేసినానని సెప్పుకున్నాడు" అన్నారు. తర్వాత లేచి వెళ్లి పెరట్లో కూర్చున్నారు. నేనూ ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆయనే నన్ను పిలిచారు. "ఆ సినిమాలో శవం ఎక్కడ దొరికింది?" అన్నారు. కళింగపట్నం ఒడ్డున అన్నాను. "అక్కడ వంశధార సముద్రంలో కలుస్తాది కదా. మరి శవం ఏట్లోంచి వచ్చిందా, సముద్రంలోంచి వచ్చిందా? ముందు అది కదా అడగాలి?"

నేను ఆ మాట రెండు గంటల సినిమా చూస్తూ కూడా అనుకోలేదు. ఏట్లోంచి వస్తే ఎగువన ఏ ఊళ్లో పడింది, ఏ స్టేషన్ పరిధి అని చూడాలి. సముద్రంలోంచి వస్తే కళింగపట్నం మెరైన్ స్టేషన్‌వాళ్లతో మాట్లాడాలి, పడవలవాళ్లని అడగాలి. ఆ రోజు ఆటా పోటా, గాలి ఎటు ఉంది అన్నది వలేసే మనిషి చెబుతాడు, ఎస్సైకి తెలియదు. డాక్టర్లకి కూడా దారి ఉందట. మునిగి చనిపోతే ఎముక మజ్జలో నీటిలోని సన్నటి నాచు కణాలు దొరకొచ్చు, ఏటి నీటివీ ఉప్పునీటివీ ఒకటి కావు. నాన్న వాటి పేరు చెప్పలేకపోయారు. మా స్కూల్లో జువాలజీ మేడమ్‌ని అడిగితే డయాటమ్‌లు అని చెప్పారు. పదకొండుసార్లు డ్రోన్ ఎగరేసి ఆ ఏటి మొగనే చూపించారు కదా. కథ అక్కడే కింద ఉంది.

అబ్బాయిని ఆదివారం రమ్మన్నాను. నాన్న రెండు షరతులు పెట్టారు. కానిస్టేబుల్ బెల్టు ఊడకూడదు. ఏటి గట్టు తల్లి సంగతి వాడుకుంటే, ఆవిడ ఊరు గాని, ఆ పిల్ల పేరు గాని ఎక్కడా రాకూడదు.

పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి ఏటి మొగ బొమ్మ గీసుకున్నారు. లైట్‌హౌస్ ఒకవైపు, ఇసుక దిబ్బ ఇంకోవైపు. దిబ్బ ఏ నెలలో ఎటు జరుగుతుందో ఆయనకి సరిగ్గా గుర్తు లేదు. అక్కడ పనిచేసిన పాత కానిస్టేబుల్ ఒకాయన ఇప్పుడు గారలో ఉంటున్నారు. ఇందాకటి నుంచి ఆయనతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నారు.

రాజాం తమ్ముడూ, ఆదివారం పదింటికి నువ్వు కూడా రా.